బతుకమ్మ నాళ్ల నారు: కామారెడ్డి, ఎల్లారెడ్డి చలికాలంలో పెటూనియా

పెటూనియా విత్తనాల పొట్లం వెనక అచ్చువేసే సూచనల్లో మొదటిది దాదాపు ఎప్పుడూ ఒకటే. నీరు గడ్డకట్టే చలి ఆఖరిసారి పడే తేదీని లెక్కగట్టి, దానికి పది పన్నెండు వారాల ముందు ఇంటి లోపల విత్తనం చల్లుకోమంటుంది. ఎల్లారెడ్డిలో అలాంటి తేదీ లేదు, కామారెడ్డిలోనూ లేదు. జనవరి తెల్లవారుజామున పొలం గట్ల మీద పొగమంచు కమ్ముకుంటుంది, కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 10 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. నీరు గడ్డకట్టేంత చలి మాత్రం ఇక్కడ పడదు. పొట్లం మీది లెక్కను నమ్మి ఫిబ్రవరిలో విత్తనం చల్లితే మొక్క మొగ్గ తొడిగే వేళకు ఏప్రిల్ ఎండ వచ్చి పడుతుంది, మే నెలలో 42, 43 డిగ్రీల వేడికి పువ్వు చిన్నబోయి, ఆకు వడలి, చివరకు మొక్కే మిగలదు. ఆ సూచన వేరే ఆకాశం కింద పుట్టింది. కానీ దాని వెనక ఉన్న కారణం ఇక్కడా నిజమే: చల్లటి రోజుల్లో లేత మొక్క నిదానంగా వేరు పట్టాలి, వెచ్చబడే రోజుల్లో పూయాలి. ఈ మొక్కను విత్తనం నుంచి పెంచదలచినవారు కారణాన్ని ఉంచుకొని తేదీని మార్చుకోవాలి. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాటకు వివరణే.

పెటూనియా సొలనేసి కుటుంబపు మొక్క. ఆ కుటుంబం మనకు కొత్త కాదు. వంటింట్లో వంకాయ, టమాట, మిరప, ఆలుగడ్డ. దిబ్బల మీద ఉమ్మెత్త, పెరటి మూలల్లో కామంచి. కామారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో వీటికి తోడు ఇంటింటా చాటల్లో ఉండే బీడీ తంబాకు. వీటన్నిటి మధ్య అందం కోసం మాత్రమే పెంచే ఏకవార్షికం పెటూనియా. మన నర్సరీల్లో డిసెంబరు నాటికి నల్ల కవర్లలో, చిన్న ప్లాస్టిక్ కుండీల్లో పూలతో సహా దొరుకుతుంది. కొనుక్కోవడం తేలిక. విత్తనం నుంచి పెంచడం వేరే విద్య, అందులోనే ఈ మొక్క స్వభావం బయటపడుతుంది.

ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఫిలిబెర్ కొమ్మెర్సన్ 1767లో దక్షిణ అమెరికాలోని మాంటెవిడియో దగ్గర తెల్లపూల పెటూనియాను సేకరించాడు. బూగన్‌విల్ అనే ఫ్రెంచి నావికుడి యాత్రలో వెళ్లినవాడతను. మన గోడల మీద పాకే కాగితం పూల తీగను అదే యాత్రలో బ్రెజిల్‌లో సేకరించిందీ అతని బృందమే. ఆ తెల్ల పెటూనియాను 1793లో లామార్క్ వర్ణించినప్పుడు పొగాకు ప్రజాతిలోనే చేర్చాడు. దాన్ని విడదీసి పెటూనియా అనే ప్రజాతిని జుస్సియూ 1803లో ఏర్పరచాడు. ఊదాపూల జాతిని జేమ్స్ ట్వీడీ అనే స్కాట్లండ్ తోటమాలి పంపగా అది 1831లో గ్లాస్గో వృక్షోద్యానానికి చేరింది. తెల్లదీ ఊదాదీ ఒకే తోటలో చేరాక సంకరం ఎంతో కాలం ఆగలేదు. 1830 దశకంలోనే ఇంగ్లండులో సంకర మొక్కలు పూశాయి. ఇప్పుడు మన కుండీల్లో కనిపించే గులాబీ, ఎరుపు, నీలి ఊదా, చారల పూలన్నీ ప్రధానంగా ఆ రెండింటి సంతానమే.

లామార్క్ పొరపాటు పడడంలో ఆశ్చర్యం లేదు. బంకగా తగిలే ఆకు, గరాటు పువ్వు, దుమ్ములాంటి విత్తనం, మూడూ పొగాకును గుర్తుచేస్తాయి. కణంలోకి తొంగిచూస్తే మాత్రం దూరం తెలుస్తుంది. టమాట, మిరప, వంగలకు 24 క్రోమోజోములు, పొగాకుకు 48. పెటూనియాకు 14 మాత్రమే. ఈ కుటుంబంలో 12 క్రోమోజోముల మూలసంఖ్య గల పెద్ద శాఖ నుంచి ఇది ముందే వేరుపడిన కొమ్మ. అందుకే పొగాకుతో సంకరం కుదరదు. కానీ వంశం వేరుపడినంత మాత్రాన జబ్బులు వేరుపడలేదు, ఆ సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి.

ముందు కాలం లెక్క. పెటూనియా పుట్టిల్లు ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్, అర్జెంటీనాల మెత్తని శీతోష్ణం. దానికి తేలికపాటి చలి హితం, మండు వేసవి పడదు. మొలకెత్తడానికి 22 నుంచి 26 డిగ్రీల వెచ్చదనం కావాలి, మొలిచాక పగలు 25, రాత్రి 15 ఉంటే మొక్క గట్టిగా ఎదుగుతుంది. కామారెడ్డి ప్రాంతంలో ఈ రెండు షరతులూ ఒకదాని వెనక ఒకటి కుదిరే కాలం ఒక్కటే ఉంది. నైరుతి ఋతుపవనాలు తెలంగాణను వదిలే అక్టోబరు మొదటి సగంలో రాత్రులు 20 డిగ్రీల చుట్టూ ఉంటాయి, అక్కడి నుంచి వారం వారం చల్లబడుతూ పోతాయి. కాబట్టి గునుగు, తంగేడు కోసుకొచ్చి బతుకమ్మ పేర్చే రోజులే పెటూనియా విత్తనం చల్లే రోజులు. దసరా దాటి దీపావళి దాకా కూడా చల్లవచ్చు, అంతకంటే ఆలస్యమైతే పూసే కాలం ఎండాకాలంలోకి జారిపోతుంది. ముందే తొందరపడి ఆగస్టులో చల్లితే వానల తేమకు నారు నిలవదు; 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వానల వంటివి వస్తే నారేమిటి, నారు పెట్టిన పందిరీ మిగలదు.

ఇక విత్తనం. గ్రాముకు సుమారు 10,000 గింజలు తూగుతాయి. టమాట విత్తనం గ్రాముకు 300 చిల్లర, సన్న వడ్లు 70 దాకా. అంటే ఒక్కో పెటూనియా గింజ బరువు మిల్లీగ్రాములో పదో వంతు. గసగసాల పక్కన పెట్టినా ఇది చిన్నదే. ఇంత చిన్న గింజలో తల్లిమొక్క దాచిపెట్టిన ఆహారం మొలక నేల పొరను తోసుకొని పైకి రావడానికి చాలదు. ఒక అంగుళం మట్టి కింద మొలిస్తే అది వెలుగును చేరకముందే అలసిపోతుంది. ఈ గండాన్ని తప్పించుకోవడానికి ఇలాంటి చిన్న విత్తనాలు చాలావాటికి ఒక కొలమానం ఉంది: వెలుగు. గింజలోని ఫైటోక్రోమ్ అనే వర్ణక ప్రొటీను 660 నానోమీటర్ల ప్రాంతపు ఎరుపు కాంతి తగిలితే చురుకైన రూపంలోకి మారి మొలకెత్తమని సంకేతం ఇస్తుంది. 730 నానోమీటర్ల ప్రాంతపు దూరపు ఎరుపు తగిలితే వెనక్కి మళ్లుతుంది. పచ్చని ఆకుల కింద వడగట్టుకొచ్చే నీడలో ఈ రెండో రకం కాంతే ఎక్కువ. పైన వేరే మొక్క ఉందా, తాను మట్టిలో కూరుకుపోయిందా అన్నది గింజకు ఇలా తెలుస్తుంది. కొన్ని ఆధునిక రకాలు చీకట్లోనూ మొలుస్తాయి కానీ వెలుగులో త్వరగా, సమంగా మొలుస్తాయి. పొట్లం మీద విత్తనాన్ని మట్టితో కప్పవద్దు అని ఉండే సూచనకు కారణం ఇదే. ఈ సూచనను మాత్రం ఏ ఊళ్లోనైనా మార్చకూడదు.

ఇంత సన్నని గింజను సమంగా చల్లే పద్ధతి తెలుగు రైతులకు కొత్తేమీ కాదు. పొగాకు గింజ కూడా దాదాపు ఇంతే. కోస్తా జిల్లాల పొగాకు నారుమళ్లలో గింజను సన్న ఇసుకలో కలిపి చల్లడమో, నీళ్లలో కలిపి పూలడబ్బాతో చిలకరించడమో చాలాకాలంగా ఉన్నదే. 1947లో రాజమండ్రిలో ఏర్పడిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఎత్తు మడులు, పలుచని విత్తు, తరచుగా తేలికపాటి తడి అనే మూడు సూత్రాల మీద ఆ నారుమడిని నిలబెట్టింది. పెరటి ట్రేకీ అవే సూత్రాలు. వదులు విత్తనమైతే చిటికెడు గింజను నాలుగు చెంచాల పొడి సన్న ఇసుకతో కలిపి, మడిచిన కాగితం అంచు మీంచి తడుతూ రాల్చాలి. ఇప్పుడు దొరికే హైబ్రిడ్ పొట్లాల్లో ఎక్కువగా బంకమట్టి పూత పూసిన గుళికలే వస్తాయి, వాటిని తడిపిన అగ్గిపుల్ల కొసతో ఒక్కొక్కటిగా పెట్టవచ్చు. గుళిక పూర్తిగా తడిసి పూత కరిగితే గానీ గింజకు నీరు అందదు, సగం తడిసి మళ్లీ ఎండితే ఆ పూతే గట్టిపడి గింజను బంధిస్తుంది. గుళికలు మొలవలేదని విత్తనాన్ని తిట్టేవారిలో చాలామంది మొదటి రెండు రోజుల తడిని తేలిగ్గా తీసుకున్నవారే అని నా అభిప్రాయం.

మిరప, టమాట నారుకు మన నర్సరీలవారు వాడే 98 గుంతల ప్రోట్రేనే దీనికీ చాలు. కొబ్బరిపొట్టును రెండు మూడు నీళ్లతో కడిగి ఉప్పు పోగొట్టి, మూడు పాళ్లకు ఒక పాలు జల్లించిన వర్మికంపోస్టు కలిపితే మంచి మిశ్రమం. రేగడి మట్టి వద్దు, అది తడిస్తే ముద్ద, ఎండితే రాయి. చెల్క మట్టి కొంత నయమే అయినా ట్రేలో తెగుళ్లు తెచ్చిపెడుతుంది. గింజ పడిన తర్వాత పైనుంచి నీళ్లు పోయకూడదు. ట్రేను నీళ్ల పళ్లెంలో పెట్టి అడుగు నుంచి పీల్చుకోనివ్వాలి, పైన చేతి స్ప్రేయరుతో తుంపర మాత్రం కొట్టాలి. పల్చటి తెల్ల ప్లాస్టిక్ కప్పి, సూటిగా ఎండ తగలని వెలుతురులో ఉంచాలి. చీమలు ఈ గింజల్ని ఒక్క రాత్రిలో మోసుకుపోగలవు కనుక ట్రే పెట్టిన బల్ల కాళ్లను నీళ్ల గిన్నెల్లో నిలపడం మన ఇళ్లలో తప్పనిసరి. ఆ మాట ఏ పొట్లం మీదా ఉండదు.

ఐదో రోజుకో ఆరో రోజుకో భూతద్దం పట్టి చూస్తే గోధుమరంగు గింజ ఒక కొస దగ్గర చీలి తెల్లని వేరు బయటికి వచ్చి ఉంటుంది. దాని చుట్టూ నూగు కమ్మినట్టు కనిపిస్తుంది, కొత్తవారు బూజు పట్టిందని భయపడతారు. అవి వేరు కేశాలు. మర్నాటికి ఆ వేరు మిశ్రమంలోకి వంగుతుంది, కాడ వంపు తిరిగి లేస్తుంది, గింజ పొర టోపీలా తల మీదే ఉండిపోతుంది. దాన్ని గోటితో తీయబోతే తలే ఊడివస్తుంది. తుంపర కొట్టి వదిలేస్తే తనే రాలుతుంది. రెండు బీజదళాలు విచ్చుకున్నప్పుడు వాటి పొడవు రెండు మిల్లీమీటర్లకు మించదు. ఆ తర్వాత రెండు వారాల పాటు ఏమీ జరగనట్టే ఉంటుంది. నిజానికి మొక్క ఆ రోజుల్లో సంపాదించిందంతా వేరుకే పెడుతుంది. సహనం లేనివారు ఈ దశలోనే ఎరువు వేసి చంపుకుంటారు. మొదటి నిజమైన ఆకులు రెండు కనిపించాకనే 19:19:19 ఎరువును లీటరుకు అర గ్రాము చొప్పున ఇవ్వడం మొదలుపెట్టాలి.

ఈ దశలో అసలు శత్రువు నారుకుళ్లు. పిథియం, రైజోక్టోనియా అనే సూక్ష్మజీవులు మట్టి మట్టంలో కాడను పట్టగా, సాయంత్రం నిలబడి ఉన్న మొక్క పొద్దునకు పడుకొని ఉంటుంది. తడి ఎక్కువై గాలి ఆడని చోట ఇది గుండ్రంగా విస్తరిస్తుంది. మొలకలు పూర్తిగా రాగానే ప్లాస్టిక్ కప్పు తీసేయాలి, ఉదయం పూట మాత్రమే తడపాలి, మిశ్రమంలో ముందే ట్రైకోడెర్మా కలిపి ఉంచాలి. మందుకంటే గాలే ఎక్కువ పని చేస్తుంది.

నాలుగైదు వారాలకు నాలుగు నిజమైన ఆకులు వస్తాయి, అప్పుడు నారును చిన్న కవర్లలోకి మార్చాలి. పట్టుకోవలసింది ఆకును, కాడను కాదు. ఆకు నలిగితే కొత్తది వస్తుంది, కాడ నలిగితే మొక్క లేదు. కానీ ఈ ప్రాంతంలో నారును ముట్టుకునే వేళ్లకు సంబంధించి మరొక సంగతి ఉంది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి, నిజామాబాదు ఊళ్లలో బీడీలు చేయడం ఆడవాళ్ల ఇంటిపని, బతుకుతెరువు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, తడిపి కత్తిరించిన తునికాకు, దారం. మధ్యాహ్నం పూట అరుగుల మీద ఈ దృశ్యం కనిపించని వీధి తక్కువ. ఇంట్లో పూలమొక్కలు పెంచేదీ ఎక్కువగా ఆ చేతులే. పొగాకును పట్టే మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులో కూడా చావదు, పొడి తంబాకులో ఏళ్ల తరబడి అంటించే శక్తితో ఉంటుంది. ప్రతి పొట్లంలోనూ ఉంటుందని కాదు, ఉండే వీలుంది. ఆ పొడి అంటిన వేళ్లతో పెటూనియా నారును తాకితే ఆకు మీది సన్నని నూగు విరుగుతుంది, ఆ కంటికి కనిపించని గాయం చాలు వైరస్‌కు. వారం రెండు వారాల్లో ఆకుల మీద లేత, ముదురు పచ్చ మచ్చలు కలగలిసి కనిపిస్తాయి, ఆకులు ముడుచుకుంటాయి, పువ్వు రంగులో చీలికలు వస్తాయి. బీడీ, చుట్ట, సిగరెట్టు తాగేవారి వేళ్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త.

ఈ వైరస్ మామూలుది కాదు. మనిషి గుర్తించిన మొట్టమొదటి వైరస్ ఇదే. ఆడాల్ఫ్ మేయర్ 1886లో పొగాకు మచ్చల జబ్బు రసం ద్వారా అంటుతుందని చూపాడు. 1892లో ఇవనోవ్‌స్కీ ఆ రసాన్ని బాక్టీరియాను ఆపే జల్లెడ గుండా పంపినా అంటుతూనే ఉందని కనుగొన్నాడు. 1898లో బైయరింక్ ఇది బాక్టీరియా కాని కొత్త అంటుకారకమని ప్రకటించాడు. 1935లో వెండెల్ స్టాన్లీ దాన్ని స్ఫటికాలుగా రాబట్టి 1946లో నోబెల్ బహుమతిలో పాలు పంచుకున్నాడు. ఒక్కో కణం 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల మందం గల కడ్డీ. లోపల ఆర్‌ఎన్‌ఏ పోగు, చుట్టూ ప్రొటీను తొడుగు. ఆ తొడుగు గట్టితనమే పొడి తంబాకులో దాని దీర్ఘాయువు. మొక్కకు ఒకసారి పట్టాక మందు లేదు, పీకి కాల్చడమొక్కటే దారి.

ముందుజాగ్రత్త మాత్రం చౌక. నారు పని ఉన్న రోజు బీడీల పనికి ముందే, పొద్దున్నే, సబ్బుతో చేతులు గోళ్ల దాకా కడుక్కొని ఆ పని ముగించుకోవాలి. తంబాకు చాట ఉన్న అరుగు మీద నారు ట్రే పెట్టకూడదు. వెన్న తీసిన పాలపొడిని లీటరు నీటికి 200 గ్రాముల చొప్పున కలిపి ఆ పాలలో వేళ్లు, కత్తెర ముంచుతూ పని చేస్తే పాలలోని ప్రొటీన్లు వైరస్‌ను అంటకుండా అడ్డుకుంటాయి. టమాట, పొగాకు సాగులో చాలాకాలంగా నమ్మకంగా వాడుతున్న ఉపాయమిది. నా దృష్టిలో ఈ ప్రాంతానికి పనికొచ్చే పెటూనియా సలహాల్లో మొదట చెప్పవలసింది ఇదే. కొన్నిచోట్ల చేతులు కడుక్కోండి అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఎందుకో చెప్పకపోతే ఎవరూ కడుక్కోరు.

మొక్క కుండీలోకి వచ్చాక నీటి చిక్కు మొదలవుతుంది. ఈ ప్రాంతం కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాళ్లు. బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి, బైకార్బొనేట్లు ఎక్కువ. నెల తిరక్కుండానే కుండీ అంచున తెల్లని పొర కట్టడం అందరూ చూసేదే. ఆ నీళ్లతో మిశ్రమం క్షారంగా మారుతుంది. పెటూనియా వేరుకు ఇనుమును రాబట్టుకునే శక్తి తక్కువ, ఉదజని సూచిక 5.5 నుంచి 6.2 మధ్య ఉంటేనే సరిపడా తీసుకోగలదు. అది 7 దాటితే మిశ్రమంలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా, మధ్యభాగం పసుపుగా మారతాయి. మెట్ట వరి నారుమడిలోనో, చెరుకు కార్శిలోనో ఈ పాలిపోవడాన్ని చూసిన రైతు వెంటనే పోల్చుకుంటాడు, మందూ అతనికి తెలిసిందే: అన్నభేది, నిమ్మ ఉప్పు. వరికి వాడే మోతాదు పెటూనియాకు ఎక్కువ, ఆకు మాడుతుంది. లీటరు నీటికి 2 గ్రాముల అన్నభేది, అర గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేసి, నాలుగైదు రోజులకు మళ్లీ చేస్తే చాలు. దీనికంటే మంచిది మేడ మీద పట్టి ఉంచిన వాననీరు.

ఇప్పుడు పొట్లం మీది మరో సూచనకు వద్దాం: మొక్క ఆరు ఆకులకు రాగానే కొన తుంచమనడం. పెటూనియా పొడుగు పగళ్లకు త్వరగా పూసే మొక్క. పగలు 13 గంటలు దాటే చోట అది ఒక్క కాడ మీద నిటారుగా లేచి తొందరగా మొగ్గ తొడుగుతుంది, అందుకే గుబురు కావాలంటే కొన తుంచాలి. మన 18 డిగ్రీల అక్షాంశంలో డిసెంబరు పగలు 11 గంటల చిల్లర. ఆ పొట్టి పగళ్లలో, చల్లని రాత్రుల్లో మొక్క పూత వాయిదా వేసుకొని మొదలు నుంచే పక్క కొమ్మలు వేస్తుంది. తుంచవలసిన పని ఇక్కడ ఋతువే చేసిపెడుతుంది. బతుకమ్మకు చల్లిన విత్తనం సంక్రాంతికి అటూ ఇటూగా పూత మొదలుపెట్టి, మార్చిలో పగలు 12 గంటలు తాకేసరికి నిండుగా పూస్తుంది. ఇంకా ముందే పువ్వు కావాలనుకునేవారు సాయంత్రం నాలుగు గంటలు మామూలు బల్బు వెలిగించి పగలును పొడిగించవచ్చు. ఎదుగుదలకు చాలని ఆ కొద్ది వెలుగు కూడా ఫైటోక్రోమ్‌కు పగలుగానే లెక్క. వరండా దీపం కింది కుండీ తోటి కుండీల కంటే ముందు పూస్తే అది ఎరువు మహిమ కాదు.

పూత కాలంలో శనగ చేల నుంచి లద్దె పురుగులు, శనగపచ్చ పురుగు వచ్చి మొగ్గలకు రంధ్రాలు చేస్తాయి. చీకటి పడ్డాక టార్చిలైటుతో వెతికి ఏరేయడమే పెరటికి చాలు. ఆ వేళ తెల్ల పెటూనియా దగ్గర కాసేపు నిలబడితే పగలు లేని తీపి వాసన తెలుస్తుంది. ఉరుగ్వే తెల్లజాతి రాత్రి తిరిగే పొడుగు తొండం చిమ్మటల కోసం పూసేది. మిథైల్ బెంజోయేటు వంటి సుగంధాలను చీకటి పడ్డాకే విడుదల చేసే గడియారం దాని కణాల్లోనే ఉంది. ఊదాజాతి పగటి తేనెటీగలది, దానికి ఆ వాసన అక్కరలేదు. సంకర రకాల్లో వాసన ఉన్నదీ లేనిదీ ఏ తాత గుణం పైకి వచ్చిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

రంగుల మాట వస్తే, ఊదా మీద తెల్ల చారలు నక్షత్రంలా విచ్చుకున్న పువ్వును చాలామంది బొమ్మలా చూసి వెళ్లిపోతారు. దాని వెనక గత అర్ధశతాబ్దపు జీవశాస్త్రంలోని పెద్ద కథల్లో ఒకటి ఉంది. కాలిఫోర్నియాలో కరొలిన్ నపోలి, క్రిస్టీన్ లెమ్యూ, రిచర్డ్ జోర్గెన్‌సన్ పెటూనియా ఊదారంగును మరింత చిక్కగా చేయాలని, రంగు తయారీలో మొదటి మెట్టయిన కాల్కోన్ సింథేజ్ జన్యువుకు అదనపు ప్రతిని చేర్చారు. రంగు చిక్కబడాలి. కానీ ఆ మొక్కల్లో 42 శాతం తెల్లపూలో, తెల్ల మరకల పూలో పూశాయి. చేర్చిన జన్యువు, మొక్క సొంత జన్యువు, రెండూ కలిసి మూగబోయాయని 1990లో వారు ప్రకటించారు. ఎలా మూగబోయాయో అప్పటికి తెలియదు. 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో సన్నని పురుగుల్లో రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ జన్యువుల నోరు నొక్కే తీరును చూపారు, 2006లో నోబెల్ అందుకున్నారు. పెటూనియాలో జరిగిందీ అదే తరహా పని. నర్సరీలో దొరికే నక్షత్రపు చారల రకాల్లో ఎవరూ కొత్త జన్యువు చేర్చకుండానే, తెల్ల భాగాల్లో ఆ జన్యువు ఇదే పద్ధతిలో నోరు మూసుకొని ఉంటుంది. వెలుగు, ఉష్ణోగ్రత మారితే తెలుపు విస్తీర్ణమూ మారుతుంది. జనవరిలో పూసిన పువ్వుకూ మార్చిలో అదే మొక్కకు పూసిన పువ్వుకూ చారల తేడా కనిపిస్తే విత్తనాల కొట్టువాడితో తగువు పడనక్కరలేదు.

ఇంకో రంగు కథలో మన మక్క ఉంది. పెటూనియాకు సహజంగా నారింజ రంగు రాదు. రంగు తయారీలోని ఒక ఎంజైము నారింజ వర్ణకానికి దారితీసే పదార్థాన్ని పట్టుకోలేదు. జర్మనీలోని కొలోన్ మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రజ్ఞులు 1987లో మక్కజొన్న నుంచి అదే పని చేసే జన్యువును తెచ్చి పెటూనియాలో పెట్టి ఇటుకరంగు పువ్వును సాధించారు. అది ప్రయోగశాలకే పరిమితం అనుకున్నారు. హెల్సింకి రైల్వే స్టేషను దగ్గర తొట్టెల్లో నారింజ పెటూనియాలను చూసిన తేము తేరి అనే వృక్షజీవశాస్త్రజ్ఞుడికి అనుమానం వచ్చి పరీక్షిస్తే ఆ మక్క జన్యువే దొరికింది. 2017లో యూరప్‌లోనూ అమెరికాలోనూ ఎన్నో రకాలను వెనక్కి తీసుకొని ధ్వంసం చేశారు. విత్తనంగా అమ్మిన ఆఫ్రికన్ సన్‌సెట్ కూడా వాటిలో ఒకటి. అమెరికా 2021లో ఆ ఆంక్ష సడలించింది. మన దేశంలో జన్యుమార్పిడి విత్తనానికి కేంద్ర అనుమతి కావాలి కనుక, ఊరూ పేరూ లేని నారింజ పెటూనియా విత్తనం ఆన్‌లైన్‌లో కనిపిస్తే కొనకపోవడమే మంచిది.

మార్చిలో కాయలు గోధుమరంగుకు తిరుగుతాయి. పువ్వు ఫలదీకరణం చెందిన నాలుగైదు వారాలకు కాయ కొస రెండుగా చీలుతుంది, అందులో వందకు పైగా గింజలు. చీలకముందు, ఎండెక్కక ముందు, కాయను కాడతో సహా కాగితపు కవరులోకి తుంచుకోవాలి. అయితే హైబ్రిడ్ మొక్క గింజ తల్లిలా రాదు. గద్వాల ప్రాంతపు పత్తి విత్తన చేలలో మొగ్గ విప్పి కేసరాలు తీసి వేరే మొక్క పుప్పొడి అద్దినట్టే పెటూనియా హైబ్రిడ్ విత్తనాన్నీ చేత్తో తయారు చేస్తారు, అందుకే దాని ధర. జపానుకు చెందిన సకటా సంస్థ అన్నీ ముద్దపూలే పూసే పెటూనియా విత్తనాన్ని ఈ దారిలోనే సాధించింది, 1934లో అమెరికాలో దానికి బహుమతి వచ్చింది. ముద్దపువ్వుకు సాధారణంగా పనిచేసే అండాశయం ఉండదు, దాని పుప్పొడిని ఒంటిరేకు తల్లి మీద అద్దాలి. ముద్ద గుణం ప్రబలమైనది కనుక రెండు వైపులా ఆ జన్యువే ఉన్న తండ్రిని ఎంచుకుంటే సంతానమంతా ముద్దగా వస్తుంది.

హైబ్రిడ్ నుంచి దాచుకున్న గింజ రెండో తరంలో కలగాపులగంగా పూస్తుంది: చిన్న పువ్వులు, పాలిపోయిన ఊదాలు, కొన్ని తెల్లవి. పొట్లం మీది బొమ్మే కావాలనుకుంటే ఏటా కొత్త విత్తనం కొనాలి. నాకైతే ఆ చిన్న పువ్వుల మొక్కలంటేనే ఇష్టం. వాన తుంపరకు పెద్ద పువ్వుల్లా చిరిగి వేలాడవు, వాటిలో సాయంత్రం వాసన వేసేవీ దొరుకుతాయి. కాయల్ని నీడలో వారం ఆరబెట్టి, నలిపి, గింజను కాగితం మడతలో చుట్టి, సిలికాజెల్ సంచి వేసిన మూత బిగువు సీసాలో ఫ్రిజ్ కింది అరలో ఉంచితే రెండు మూడేళ్లు మొలిచే శక్తి నిలుస్తుంది. ఎండిన మొక్కల్ని మాత్రం టమాట, మిరప వేసే మడి పక్క ఎరువు గుంతలో వేయకూడదు. మచ్చలు కనిపించినవాటిని విడిగా కాల్చేయాలి, ఆ కుండీల మిశ్రమాన్ని సొలనేసి మొక్క దేనికీ వాడకుండా బంతికో, గోరుచిక్కుడుకో ఇవ్వాలి.